తొమ్మిదో పిల్ల కోసం ఒంగోలు దాకా

నరసరావుపేటలో పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకి ఒంగోల్లో దిగొచ్చు. మాకు నాలుగు రోజులు పట్టింది. దారి తప్పలేదు, బస్సులు సమ్మె చేయలేదు, తుఫానూ రాలేదు. మా వెంట మస్తాన్‌రావు గారున్నారు, అంతే.

ఆ ప్రాంతం చూడనివాళ్ల కోసం, చూసినా బస్సు కిటికీలోంచే చూసినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను అమలాపురం మనిషిని. కొబ్బరి నీడన పుట్టి, పులుసులో బెల్లం వేసుకుని పెరిగి, ఎకనామిక్స్ లెక్చరర్ ఉద్యోగం పుణ్యమా అని గుంటూరు జిల్లా ఎండలో పడ్డాను. రెండువేల సంవత్సరం వచ్చి వెళ్లి, సెల్‌ఫోన్లు ఇంకా కంట్రాక్టర్ల జేబుల్లోనే ఉన్న రోజులవి. కాలేజీలో చేరి ఏడాదైనా కాలేదు. స్టాఫ్ రూములో అటెండర్ కూడా నాకంటే సీనియరే.

అందుకే ప్రిన్సిపాల్ గారు పిలిచి, "మేడమ్, ఈసారి సాఫ్ట్‌బాల్ టీముకి మేనేజర్ మీరే" అన్నారు.

"నాకా ఆట రాదండీ."

"మేనేజర్‌కి ఆట రానక్కర్లేదు. ఆడమనిషైతే చాలు. పీడీ గారు ఆడపిల్లల్ని ఊళ్ల మీద తిప్పుతారు. పక్కన మీరుంటే తల్లిదండ్రులకి ధైర్యం."

నా చదువుకి అంతకుముందెవరూ ఇంత గౌరవం ఇవ్వలేదు.

పేట బస్టాండు

ముందు మస్తాన్‌రావు గారెవరో చెప్పాలి. మా కాలేజీ ఫిజికల్ డైరెక్టరు. అందరూ పీడీ గారంటారు. ఆ మార్చిలో రిటైర్మెంటు. తెల్ల కాన్వాసు బూట్లు, ఎండకి రంగు వెలిసిన టోపీ, మెడలో విజిల్. ఆయన విజిల్ తీయగా చూసినవాళ్లు లేరు. స్నానానికి కూడా దాంతోనే వెళ్తారని పిల్లల నమ్మకం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన్ని బాల్ బ్యాడ్మింటన్ శిక్షణకి పంపారట. ఆ గది నిండిపోయింది. పక్క గదిలో ఫ్యాను కింద కుర్చీ ఖాళీగా కనిపిస్తే వెళ్లి కూర్చున్నారట. అక్కడ సాఫ్ట్‌బాల్ చెబుతున్నారు. అలా ఒక సీలింగ్ ఫ్యాను మూలంగా మా చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు పాతికేళ్లుగా సాఫ్ట్‌బాల్ ఆడుతున్నారు.

ఆట తెలియనివాళ్లకి నాకు అర్థమైనంత చెబుతాను. క్రికెట్ బంతి కంటే లావుపాటి బంతిని ఒకమ్మాయి కింది నుంచి చెయ్యి ఊపి విసురుతుంది. ఆమె పిచర్. ఇంకొకమ్మాయి గుండ్రటి బ్యాటుతో కొట్టి, మూడు మూలల్లోని బేసులు తొక్కుకుంటూ బయల్దేరిన చోటికే తిరిగి వస్తే ఒక పరుగు. జట్టుకి తొమ్మిది మంది కావాలి. అంతమంది లేకపోతే ఆట మొదలు కాదు. అవతలివాళ్లు బ్యాటు పట్టకుండానే గెలిచినట్టు. దాన్ని వాకోవర్ అంటారు.

మొదటి బ్యాటు తుమ్మ కర్రతో వడ్రంగి చెక్కాడట. మొదటి గ్లవ్ చెప్పులు కుట్టే ఆయన కుట్టాడట. ఇన్నేళ్లలో మనం ఎన్ని కప్పులు గెలిచామని బస్టాండులో అడిగాను.

పీడీ గారు టోపీ సర్దుకున్నారు. "కప్పుల సంగతి వదిలేయండి మేడమ్. ఒక్క ఏడు కూడా వాకోవర్ ఇవ్వలేదు."

అదీ ఆయన జీవిత సాఫల్యం. నాకు నవ్వొచ్చింది. ఓడిపోవడానికి క్రమం తప్పకుండా హాజరయ్యే మనిషిని అంతకుముందు చూడలేదు. కానీ ఆ ఏడు ఆ ఒక్కటి కూడా పోయేలా ఉంది. కాలేజీల మధ్య పోటీలు వాయిదా పడి పడి ఫిబ్రవరికి వచ్చాయి. అంటే పొలాల్లో పత్తి చివరి తీత, మిరప కోత. కూలీలు దొరకని రోజులు. హాస్టలు పిల్లల్ని ఇళ్లవాళ్లు వచ్చి తీసుకెళ్లిపోయారు. మాకు మిగిలింది ఆరుగురు. మిగతా ముగ్గురూ మూడు ఊళ్లలో ఉన్నారు.

"పంపకపోతే ఏం చేద్దామండీ?" అన్నాను.

"బదులు చేద్దాం మేడమ్."

అక్కడి పద్ధతి అది. ఇవాళ నీ చేలో నేను కోస్తే రేపు నా చేలో నువ్వు కోస్తావు. డబ్బు మాట రాదు. మా గోదావరి వైపు ఇంత లెక్కగా చూడలేదు, మాకు పని కంటే పనిని గురించిన మాటలే ఎక్కువ. పీడీ గారు ఈ బదులుని ఆటలోకి తెచ్చారు. పిల్లని తీసుకెళ్లాలంటే ముందు ఆ పిల్ల పని టీమంతా వెళ్లి చేసిపెట్టాలి. మేనేజరుతో సహా. ఆ చివరి మాట బస్సు కదిలాక చెప్పారు.

కండక్టరు బ్యాట్ల సంచి తన్ని చూశాడు. "ఏందివి? రోకళ్లా?"

"బ్యాట్లయ్యా. సాఫ్ట్‌బాల్."

"రోకళ్లకైతే టిక్కెట్టు లేదు. బ్యాట్లకి లగేజీ కొట్టాలి."

"అయితే రోకళ్లే" అన్నారు పీడీ గారు.

పిడుగురాళ్ల

పిడుగురాళ్లలో సున్నం బట్టీల పొగకీ పొడికీ ఊరంతా తెల్లగా ఉంటుంది. చెట్లు తెల్లన, మేకలు తెల్లన, ఎస్టీడీ బూతు మీది బోర్డు తెల్లన. టీ రెండు రూపాయలు. పైన మీగడ కట్టిందని సంతోషించి ఊదాను. అది మీగడ కాదు.

ధనలక్ష్మి వాళ్ల పత్తి చేను ఊరవతల. మూడో బేసు దగ్గర నిలబడే పిల్ల అది. వాళ్లమ్మ ఒడిలో పత్తి నింపుకుంటూ మమ్మల్ని తల నుంచి కాళ్ల దాకా చూసింది. చేతికి ఒక్కొక్క గోనెపట్టా ఇచ్చి, "ఒళ్లో కట్టుకోండి. కబుర్లు సాయంత్రం" అంది.

పత్తి మెత్తగా ఉంటుందని ఎకనామిక్స్ పుస్తకాల్లో చదివాను. దాన్ని పట్టుకున్న కాయ డొక్కలు గోళ్ల కింద దిగుతాయని ఏ పుస్తకంలోనూ లేదు. పిల్లలు చకచకా ముందుకెళ్లిపోయారు. నేనూ పీడీ గారూ వెనక మిగిలాం. నాది అజ్ఞానం. ఆయన తీసిన పత్తి చూసి మాత్రం ఆవిడ కేక పెట్టింది.

"ఏందయ్యా సారూ ఇది? పత్తి తీయమంటే ఆకులు తీశావు! ఈ చెత్తంతా ఎవురు ఏరాలి?"

"అలవాటు లేదమ్మా. సాయంత్రం దాకా ఉంటే వచ్చేస్తుంది."

"సాయంత్రం దాకానా?" ఆవిడ ఒళ్లో పత్తి కింద పడేసింది. "ఒసేయ్ ధనా, బట్టలు సర్దుకో. ఈయన్ని ముందు చేలో నుంచి తీసుకుపో."

అప్పటికింకా మధ్యాహ్నం కాలేదు. జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ పెట్టింది. ఆ కారానికి నా చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. మా ఇంట్లో పచ్చడి అన్నంలోకి, ఇక్కడ అన్నం పచ్చడిలోకి. నేను నీళ్ల కోసం వెతుకుతుంటే ఆవిడ జాలిగా, "గోదారోళ్లా? పాపం" అంది. తిట్టుకుంటూనే పంపిన ఆ మనిషి పెద్ద మనసుకి బస్సులో చాలాసేపు మురిసిపోయాను. పీడీ గారు కిటికీ వైపు తిరిగి కళ్లు మూసుకున్నారు. పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

మార్టూరు

మర్నాడు మార్టూరు దగ్గర బస్సు టైరు పేలింది. రోడ్డు పక్కన గ్రానైటు పాలిషింగ్ యూనిట్లు. రాళ్లు కోసే రంపాల రొదలో ఒకరి మాట ఒకరికి వినిపించదు. బస్సు ఖాళీగా నిలబడితే పీడీ గారికి ప్రాక్టీసు గుర్తొస్తుంది. విజిల్ ఊదారు. ఎవరికీ వినపడలేదు. చేతులు ఊపితే పిల్లలు దిగారు.

మూడో దెబ్బకే బంతి వెళ్లి రాతి బురద గుంటలో పడింది. బ్యాటు వెనక నిలబడి బంతి పట్టే క్యాచర్ శ్రీదేవి మోకాళ్ల దాకా దిగి తీసుకొచ్చింది. పైకొచ్చేసరికి కాళ్లకి పాలిష్ పట్టించినట్టు అయింది. యూనిట్ యజమాని, లావుపాటి పెద్దాయన, బనీనుతోనే బయటికొచ్చాడు. తిడతాడనుకున్నాం. కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు.

"ఇదేం ఆటండీ?"

చెప్పాం.

"గెలిచారా ఎప్పుడన్నా?"

"ఒక్కసారి" అన్నారు పీడీ గారు. నేను ఆయన వైపు తిరిగాను. బస్టాండులో ఆ మాట చెప్పలేదేం?

బ్యాటు పట్టేవాళ్ల ముందు నేల మీద ఐదు మూలల పలక ఒకటి ఉంటుంది, హోమ్ ప్లేట్ అంటారు. మాది అట్టముక్క. అది చూసి పెద్దాయన మనసు కరిగింది. లోపలికెళ్లి నల్ల గ్రానైటులో సరిగ్గా అదే ఆకారం కోయించి, అద్దంలా పాలిష్ పట్టించి బహూకరించాడు. ఇద్దరు పిల్లలు మోస్తే కదిలే బరువు. కాదంటే నొచ్చుకుంటాడు. కండక్టరు దాన్ని చూసి ఈసారి రోకలన్నా ఊరుకోలేదు. లగేజీ టిక్కెట్టు కొట్టాడు.

వాడరేవు

చీరాల నుంచి వాడరేవుకి ఆటోలో వెళ్తుంటే, ఊరు రాకముందే ఎండుచేపల వాసన ఎదురొచ్చి స్వాగతం పలికింది. నాకది పరిమళమే. చేపల విషయంలో గోదావరి వాళ్లకి ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు.

గంగ మా రెండో పిల్ల. పరుగులో దాన్ని పట్టుకున్నవాళ్లు లేరు. తండ్రి సముద్రం మీదికెళ్లాడు. తల్లి ఇసకలో వలలు పరిచి చేపలు ఎండబెడుతోంది. మేము వంగి, ఒక్కొక్క చేపా విడివిడిగా పరుస్తున్నాం. పీడీ గారు కుక్కల్ని కాపలా కాస్తానన్నారు. కాసేపటికి చూస్తే రెండు కుక్కలు ఆయన పక్కనే కూర్చుని తింటున్నాయి. ఆయన వాటికి విజిల్ చూపిస్తున్నారు.

"సారూ! నువ్వు నా కొంప ముంచేటట్టున్నావు!" అని గంగ తల్లి గరిట పుచ్చుకుని పరుగెత్తుకొచ్చింది. "తీసుకుపోవయ్యా పిల్లని. నువ్వు రేపు కూడా ఉంటే నేను పడవెక్కి పోవాల."

ఆ సాయంత్రం చేపల పులుసు వడ్డించింది. ఎర్రగా, కణకణలాడుతూ. ఇంత మంచి చేపని పట్టి ఇంత కారంలో ముంచడం ఏ జన్మలో పాపమో అనుకుంటూ మూడుసార్లు అడిగి వేయించుకున్నాను. గ్రానైటు ప్లేటు మీద ఆవిడ కన్ను పడింది. చేపల పొలుసు తీయడానికి భలే ఉంటుందంది. పిల్లలు దాన్ని ఆవిడ చేతుల్లో పెట్టిన వేగం చూడాలి.

చీకటి పడకముందు ఇసకలో కూర్చుని, ఆ ఒక్క గెలుపు సంగతేమిటని పీడీ గారిని అడిగాను.

"అది గెలుపు కాదు మేడమ్. మొదటి టీము. పిల్లలు ఇళ్లల్లో ఏడ్చి, అన్నం మానేసి, ఒప్పించుకుని వచ్చారు. కోడికూతకి లేచి జడలు వేసుకున్నారు. తీరా వెళ్తే అవతలి కాలేజీ రాలేదు. వాకోవర్. గెలిచారు, ఇంటికి పొమ్మన్నారు. బ్యాటు ముట్టుకోలేదు. వేసిన జడ చెదరకుండానే బస్సెక్కారు." ఆయన ఇసక తీసి పక్కకి పోశారు. "వాళ్లలో ముగ్గురికి మళ్లీ ఏడాదికి పెళ్లిళ్లయిపోయినయ్. అసలు ఆడనే లేదు. ఇంకెవరి పిల్లలకీ ఆ పని మనం చేయకూడదనుకున్నా."

రెండు రోజులుగా ఆయన్ని చూసి నవ్వుకుంటున్నాను. ఆ మాటకి సిగ్గేసింది. మార్చి తర్వాత ఆయన పోస్టు నింపరనీ, గ్రౌండులో ఎంసెట్ కోచింగ్ కోసం షెడ్లు వేస్తారనీ స్టాఫ్ రూములో అందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు. ఇక మాకు కావలసింది ఒక్క పిల్ల.

ఇంకొల్లు దగ్గర ఒక ఊరు

ఆ పిల్ల కోటేశ్వరి. మా పిచర్. అది లేకపోతే తొమ్మిది మంది ఉన్నా దండగే. వాళ్ల ఊరు చేరేసరికి నల్లరేగడి నేలంతా ఎర్రగా ఉంది. కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అది చూడటానికి ఎంత అందంగా ఉంటుందో చెప్పలేను, ఎందుకంటే అప్పటికే నేను తుమ్ముతున్నాను.

తండ్రి బ్రహ్మయ్య గారు చేలోనే ఉన్నాడు. తూర్పున మబ్బు పట్టింది. వాన పడితే ఆరబోసిన కాయ తడిసి రంగు పోతుంది. ఏడాది కష్టం ధర రాని తాలుకాయ కింద పోతుంది. ఆయన మొహంలో ఆ భయం కనిపిస్తూనే ఉంది.

యథాప్రకారం సాళ్లలో దిగాం. పండుకాయ మాత్రమే కోయాలి, తొడిమ ఊడకూడదు. పీడీ గారు పచ్చికాయలు కోస్తున్నారు, తొడిమలు ఊడబీకుతున్నారు, కొమ్మలు విరుస్తున్నారు. బ్రహ్మయ్య గారు చూశాడు, కానీ తిట్టలేదు. మా దురదృష్టం అక్కడే మొదలైంది.

కాసేపటికి నేను సాలు మారబోయి, మొక్కల సందులోంచి ఒక దృశ్యం చూశాను. ఎవరూ చూడటం లేదనుకుని పీడీ గారు రెండు చేతులతో కోస్తున్నారు. పండుకాయ తప్ప వేలికి మరోటి తగలడం లేదు. తొడిమ చెక్కుచెదరడం లేదు. అలాంటి కోత పుట్టినప్పటి నుంచి మిరప చేలో పెరిగినవాళ్లకే వస్తుంది.

"పీడీ గారూ! మీకు కోయడం వచ్చుగా!"

ఆయన ఉలిక్కిపడి, పెదాల మీద వేలు పెట్టారు. "నెమ్మదిగా మేడమ్. మా నాన్నది రెండెకరాల మిరప. నాకు నడక రాకముందు కోత వచ్చు."

"మరి ఈ పచ్చికాయలేంటి?"

"సరిగ్గా కోస్తే పొద్దుగూకే దాకా వదలరు. పాడు చేస్తే మధ్యాహ్నానికే పిల్లనిచ్చి తరిమేస్తారు. పాతికేళ్లుగా ఇదే మేడమ్ మన కోచింగు."

ధనలక్ష్మి తల్లి పెద్ద మనసు తలచుకుని బస్సులో మురిసిన నా మురిపెం అంతా ఆవిరైపోయింది. వాడరేవు కుక్కలు కూడా అందులో భాగమేనా అని అడిగాను. "కుక్కలు వాటంతట అవే వచ్చినయ్" అన్నారు.

అప్పుడు వెనక నుంచి బ్రహ్మయ్య గారి గొంతు వినిపించింది. ఎప్పటి నుంచి నిలబడ్డాడో.

"నీ సంగతి నాకు తెలుసు సారూ. మా బావమరిది కూతురు నీ దగ్గర ఆడింది. ఆ ఏడు నువ్వు వాళ్ల చేలో చేసిన భాగోతం ఇప్పటికీ చెప్తాడు. నా దగ్గర కుదరదు. మబ్బు చూశావా? చేలో పండు కాయంతా కోయాల. కళ్లంలో ఎండిందంతా కుప్పేసి పట్టాలు కప్పాల. అప్పుడు పిల్లని పంపిస్తా. లేకపోతే లేదు."

"రేపు పొద్దున్నే ఆట బ్రహ్మయ్యా."

"నాకు ఇయ్యాలే వాన."

ఎవరిది తప్పనగలం? పీడీ గారు టోపీ తీసి జేబులో పెట్టుకున్నారు. విజిల్ ఊదారు. ఆ మధ్యాహ్నం ఆయన కోత చూసి బ్రహ్మయ్య గారే రెండుసార్లు తన పని ఆపి నిలబడిపోయాడు. పిల్లలు సాలుకొకరు పడ్డారు. కోటేశ్వరి అందరికంటే ముందుంది. నేను కళ్లంలో ఎండుకాయ కుప్ప చేశాను. ముక్కు, గొంతు, చేతులు, ఆఖరికి ఆలోచనలు కూడా మండాయి. పొద్దుగూకేసరికి చివరి పట్టా కప్పి రాళ్లు పెట్టాం. నాలుగు చినుకులు పడి మబ్బు దాని దారిన అది పోయింది. బ్రహ్మయ్య గారు మాత్రం మాట తప్పలేదు.

"తీసుకెళ్లు సారూ. ఎవురైనా నిన్ను పనిదొంగన్నారంటే నా దగ్గరికి పంపు. అట్టాగే పిల్లల చేతులకి ఈ కొబ్బరినూనె పట్టించి కడిగించు. ఒట్టి నీళ్లకి కారం పోదు."

పీడీ గారు సీసా తీసుకుని సంచిలో వేశారు. రాత్రి ఒంగోలు బసలో పిల్లలు నూనె అడిగితే, "వద్దు. వేళ్లకి జిడ్డుంటే బంతి జారుద్ది. సబ్బుతో కడుక్కుని పడుకోండి" అన్నారు. తొమ్మిది మందీ ఉన్నారన్న సంతోషంలో నేనూ పట్టించుకోలేదు.

ఒంగోలు

పొద్దున్నే మైదానం. మా పిల్లలు తొమ్మిది మందీ వరుసగా నిలబడితే పీడీ గారు వేలితో రెండుసార్లు లెక్కపెట్టారు. అవతలిది ఏటా కప్పు పట్టుకెళ్లే కాలేజీ. ఆ ఏడు వచ్చినవి మా రెండు జట్లే. వాళ్లకి ఒకే రంగు బూట్లు.

కోటేశ్వరి విసరడం మొదలుపెట్టింది. నాకు ఆట తెలియకపోయినా, అవతలివాళ్ల బ్యాట్లు గాలిని కొడుతున్నాయని తెలిసింది. గంగ మూడు మూలలూ చుట్టి వచ్చింది. శ్రీదేవి, ధనలక్ష్మి కూడా వచ్చారు. మూడు పరుగులు మాకు, సున్నా వాళ్లకి. పీడీ గారు పక్కనే ఉన్నారు గానీ ఊపిరి తీస్తున్నట్టు లేదు. ఒక్కసారి నా వైపు తిరిగి, "మేడమ్, గెలుస్తామేమో" అన్నారు. ఆ మాట అనడం ఆయనకి అలవాటు లేదు, సరిగ్గా పలకలేకపోయారు.

అంతలో వాళ్ల పిచర్ బంతి చేతిలో పట్టుకుని, చెమట తుడుచుకోవడానికి కళ్ల మీద వేళ్లు రాసుకుంది. గావుకేక పెట్టి కూలబడింది.

వాళ్ల మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "కారం! బంతికి కారం పూశారు! ఇది ఆటా, వంటిల్లా?"

అంపైరు బంతి వాసన చూశాడు. చాలక నాలుక చివర పెట్టి చూశాడు. ఆ తర్వాత చాలాసేపు ఆయన మాట్లాడే స్థితిలో లేడు. నీళ్లు తాగి రూల్సు పుస్తకం తిరగేశాడు. అందులో బంతికి ఉమ్మి పూయడం గురించి ఉంది గానీ కారం గురించి లేదు.

పీడీ గారు అంపైరు దగ్గరికి వెళ్లలేదు. నేరుగా ఆ పిల్ల దగ్గరికెళ్లారు. మోకాళ్ల మీద కూర్చుని, బిందెడు నీళ్లు దోసిలితో కళ్ల మీద పోస్తూనే ఉన్నారు. మంట తగ్గిందని ఆ పిల్ల అన్నాకే లేచారు.

"పూయలేదు సార్" అన్నారు అంపైరుతో. "మా పిల్లలు నిన్నంతా మిరప కోశారు. చేతులకి ఉంది. ఏటా నూనె పట్టించి కడిగిస్తాను. నిన్న బంతి జారుద్దని నేనే వద్దన్నాను. ఒక్కసారి గెలవాలనిపించింది. పిల్లల తప్పు లేదు. వాళ్లకి వాకోవర్ రాసేయండి."

మా పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. కోటేశ్వరి గ్లవ్ నేలకేసి కొట్టింది. పాతికేళ్లుగా ఆ ఒక్క మాట అనకుండా ఉండటానికి ఈ మనిషి ఎన్ని చేలు పాడుచేశాడో నాకు తెలుసు. ఇప్పుడు తన నోటితోనే అడుగుతున్నాడు. ఏడుపొచ్చింది నాకు. దాచుకోలేదు.

అంపైరు కలం తీశాడు. అప్పుడు ఆ పిచర్ పిల్ల లేచి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"నాకొద్దండీ వాకోవర్."

"నువ్వు ఊరుకోవే!" అన్నాడు వాళ్ల మేనేజరు.

"ఎందుకూరుకోవాల? మాదీ మిరప చేనే. కళ్లు మండితే కోత ఆపి ఇంటికి పోతామా? మొన్న మా అమ్మని ఒప్పించి వచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఉత్తినే గెలిచి పోతే ఆమెకేం చెప్పను? కడుక్కుని రమ్మనండి, ఆడదాం." అని వెళ్లి పిచర్ నిలబడే చోట బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎవరు లాగినా లేవలేదు.

అంపైరు కలం జేబులో పెట్టుకున్నాడు. నేనే సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీశాను. మేనేజరుగా నేను చేసిన ఏకైక పని అది. మా తొమ్మిది మందీ, బంతి ముట్టుకున్న వాళ్ల పిల్లలూ అరచేతులకి పట్టించుకుని, సబ్బుతో కడుక్కున్నారు. కొత్త బంతి తెచ్చారు.

తర్వాత జరిగింది ఆట అనొచ్చో లేదో తెలియదు. ఎంత కడిగినా జిడ్డు పోలేదు. కోటేశ్వరి విసిరిన బంతి ఒకసారి స్కోరు రాసేవాళ్ల బల్ల మీద పడింది. శ్రీదేవి పట్టిన బంతి గ్లవ్‌లోంచి చేపలా జారిపోయింది. వాళ్ల పిచర్ ఒంటికన్నుతో విసురుతూ మా వాళ్లని వరసగా ఔట్ చేసింది. అయినా చివరి పిల్ల చివరి బంతి దాకా ఆడింది. వాళ్లకి పదకొండు. మాకు ఆ మూడే.

మైకు దగ్గర నిలబడినాయన గెలిచిన కాలేజీ పేరు చదివి, మైకు కట్టేయబోయాడు. పీడీ గారు గబగబా అక్కడికి నడిచారు.

"ఓడిన కాలేజీ పేరు కూడా చదవండి."

"ఓడినవాళ్ల పేరు ఎవరు చదువుతారు సార్?"

"మా పిల్లలు ఆడారయ్యా. చదవండి."

ఆయన విసుగ్గా చూసి, మైకు మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. ఓడిపోయిన జట్టు ఫలానా అని మా కాలేజీ పేరు చదివాడు. మైదానమంతా వినపడింది. మా తొమ్మిది మందీ ఎగిరి చప్పట్లు కొట్టారు, గంగ ఈల వేసింది, పీడీ గారు విజిల్ నోట్లో పెట్టుకుని ఆపకుండా ఊదారు. కప్పు పట్టుకుని వెళ్తున్నవాళ్లు ఎవరు గెలిచారా అని వెనక్కి తిరిగి చూశారు.